అడుగులు లేని ఫొటో

అల్-ఉలా
14 అక్టోబర్ 2023

దుర్గక్కకు,

నేనూ బావా బాగున్నాం. నీ ఉత్తరం పోయిన వారం మా ఆఫీసుకు చేరింది. ఎప్పటిలాగే నేను గట్టిగా చదివాను, బావ విన్నాడు. ఆయతికి జ్వరం తగ్గిందన్న చోట మళ్లీ చదవమన్నాడు. తరువాత కాగితం తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “మీ అక్క అక్షరం గుండ్రంగ ఉంటదిరా. నీది కోడి గీకినట్టు ఉంటది” అన్నాడు. చదవడం రాకపోయినా అక్షరం మంచిచెడ్డలు మాత్రం చెబుతాడు.

మాకు పని మారింది. పొద్దున పైపుల కోసం మట్టి తవ్వుతాం. మధ్యాహ్నం మూడు దాటాక ఏనుగు రాయి దగ్గరికి తీసుకుపోతారు. ఇసుక ఎడారి మధ్యలో ఒక్కటే నిలబడి ఉన్న రాయి అది. మన టేకు చెట్లు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినా దాని నెత్తి అందదు. తొండం నేల దాకా దిగి ఉంటుంది. ఎవరూ చెక్కలేదట, గాలికి అట్లా అయిందట. దేశదేశాల నుంచి జనం దాన్ని ఫొటో తీసుకోవడానికి వస్తారు. పగలు రారు. పొద్దు వాలి రాయి ఎర్రబడే గంట సేపటి కోసం వస్తారు.

మా పని ఏమిటంటే ఆ గంటకు ముందు ఇసుక మీద ఒక్క అడుగు కనబడకుండా చేయడం. పొలంలో దంతె ఉంటుంది కదా, అలాంటిదే, చేత్తో లాగేది. దాంతో ఇసుక చదును చేస్తూ వెనక్కి నడుస్తాం. జనం తొక్కుతారు, మేం మళ్లీ లాగుతాం. “ఇంత కష్టపడి ఏం పండిస్తున్నమ్ రా?” అంటాడు బావ.

ఆయనకు కంపెనీ బూట్లు సరిపోవడం లేదు. ఎడమ కాలికి చిటికెన వేలు లేదు కదా, ఆ బూటు జారుతోంది. గొడ్డలి దెబ్బకు పోయిన వేలిని ఇక్కడికొచ్చి తలుచుకుంటున్నాడు. గుడ్డ కుక్కి తొడుగుతాడు, మా పని చూసే సాహెబ్ లేనప్పుడు విప్పేస్తాడు.

నిన్న ఒక ఫొటోల ఆవిడ మా ఇద్దరినీ రాయి ముందు నిలబెట్టి ఫొటో తీసింది. ఏ దేశమో తెలియదు. మొహాలు కూడా రాయిలాగే ఎర్రగా వచ్చాయని చూపించింది. ఇంటికి పంపుతానంటే నీ పేరు, మన ఊరి పేరు, పిన్‌కోడ్ రాసి ఇచ్చాను. అది వస్తే ఆయతికి చూపించు. ఏనుగును చూపిస్తానని వాళ్ల నాన్న మాట ఇచ్చాడట.

అగ్రిమెంట్ 2025 జనవరి దాకా. అప్పటిదాకా ఛుట్టీ లేదు.

నీ తమ్ముడు
ఉమేష్


పటేల్ పారా, మరైగూడ
28 డిసెంబర్ 2023

తమ్ముడికి,

అక్టోబర్ ఉత్తరం తరువాత నీ దగ్గర నుంచి మరొకటి రాలేదు. ఫొటో మాత్రం వచ్చింది.

డిసెంబర్ అయిదున డాకియా గట్టి కవరు తెచ్చాడు. వడ్లు తూర్పారబడుతున్నాం, జనం అంతా కళ్లంలోనే ఉన్నారు. మీ ఇద్దరి మొహాలు చూద్దామని అందరి ముందే చించాను. లోపల ఉత్తరం లేదు. ఫొటోలో ఇద్దరు లేరు. ఒక్కడే ఉన్నాడు. నిలబడిన తీరు చూసి మీ బావ అని పోల్చుకున్నాను. మొహం లేదు. మనిషంతా నలుపు. వెనక అంత పెద్ద రాయి. ఆకాశం నెత్తురులా ఉంది. ఆయతి ఫొటోను దగ్గరికి, దూరానికి జరిపి చూసి, “నాయన మొకమేది?” అంది.

ఇర్మా తాతను పిలిచారు. నీకు తెలుసు, చావులకూ, పోయినవాళ్ల పేరిట నిలబెట్టే రాళ్లకూ ఆయన చెప్పిందే మాట. చాలాసేపు చూశాడు. కాళ్ల దగ్గర వేలు పెట్టి, “అడుగులేవి?” అన్నాడు. అప్పుడు మేం కూడా చూశాం. చుట్టూ అంతా ఇసుకే. మనిషి నడిచి వచ్చిన జాడ ఒక్కటి లేదు. అడుగులు చెరిపే పని అని నువ్వు రాసినది గుర్తుండి చెప్పాను. “పక్కోళ్లయి చెరుపుతరు బిడ్డా. నిలబడ్డోడు నడవకుంట ఎట్ల వచ్చిండు అక్కడికి?” అన్నాడు.

“మనోళ్లు లేని జాగల గూడ రాయి నిలబెట్టిండ్రు. ఎంత రాయి! పట్నం రాజుకు గూడ ఇంత పెట్టి ఉండరు” అని కళ్లంలో ఎవరో అన్నారు. ఆ మాటకు కొందరు తల ఊపారు. నేనూ ఊపాను.

నీ ఉత్తరం కోసం పదిహేను రోజులు ఆగాను. రాలేదు. చేత్తో రాయలేక ఫొటో పంపావని అర్థమైంది. మన ఇళ్లలో చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా చెప్పావు. నాకు నీ మీద కోపం లేదు.

పోయినవాడు ఇంటికి వచ్చాడా అని పిండి పోసి చూశారు. ఇంట్లో బియ్యప్పిండి పరిచి, బుట్ట బోర్లించి, తెల్లారి తీశారు. ఏ అడుగూ పడలేదు. “దూరం గదా, ఇంక తోవలనే ఉన్నడు. రాయి పెడితే వచ్చి దిగుతడు” అన్నాడు తాత. డిసెంబర్ ఇరవై రెండున రాయి పెట్టాం. తూర్పు గుట్ట నుంచి పన్నెండు మంది మోశారు. దారి పక్కన, మీ బావ వాళ్ల నాయన రాయి పక్కనే నిలబెట్టాం. ఎర్ర కోడెను కోశాం. తోక రాయికి కట్టాం.

మన దగ్గర పద్ధతి నీకు తెలుసు. ఇప్ప పూల పని అయ్యాక మరిది హడ్మా ఇంటికి అతని భార్యగా నన్ను తీసుకుపోతామని అత్త అంది. అన్న పోతే తమ్ముడు చూసుకోవాలి అంటుంది.

ఎట్లా పోయాడో, ఏ రోజు పోయాడో రాసి పంపు. నొప్పి పడ్డాడా? నువ్వు దగ్గర ఉన్నావా?

అక్క
దుర్గ


అల్-ఉలా
30 జనవరి 2024

అక్కా,

బావ బతికే ఉన్నాడు. ముందు ఇది చదివి ఆగు. ఇంకోసారి చదువు. ఇప్పుడు ఇది రాస్తుంటే నాకు నాలుగు అడుగుల దూరంలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

ఆ ఫొటో గురించి చెబుతాను. మా ఇద్దరినీ తీశాక ఆవిడ బావను ఒక్కడినే రాయికి అవతలి వైపు మళ్లీ నిలబెట్టింది. బూట్లు విప్పమంది. పొద్దు రాయి వెనక్కి పోయేదాకా కదలొద్దంది. వెలుగు వెనక ఉంటే ముందున్న మనిషి నల్లగా పడతాడు, అంతే. ఆయన నిలబడ్డాక, చుట్టూ ఉన్న అడుగులు చెరిపేయమని నాకు చెప్పింది. నేను ఆయన మడమల దాకా దంతె లాగి వెనక్కి నడిచి వచ్చేశాను. అక్కా, ఆ అడుగులు చెరిపింది నేనే. ఆవిడ ఏ ఫొటో పంపిందో మాకు తెలియదు. ఎర్రటి మొహాలదే పంపుతుందనుకున్నాను. నవంబర్‌లో ఒక ఉత్తరం వేశాను. అది ఎక్కడ ఆగిపోయిందో.

నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది. నీ ఉత్తరం లోపల చదువుకోకుండా ఎప్పటిలాగే గట్టిగా మొదలుపెట్టాను. మొహం లేదన్న దగ్గర బావ నవ్వాడు. “నల్లోన్ని ఇంక నల్లగ చేసింది. దానికి కెమెరా ఎందుకు, బొగ్గు చాలదా?” అన్నాడు. రాయి పెట్టారన్న దగ్గర నేను ఆగిపోయాను. చదవమన్నాడు.

“ఏ గుట్ట రాయి?” అన్నాడు.

“తూర్పు గుట్ట.”

“నాయన పక్కకేనా?”

“ఊఁ.”

“ఏ కోడె?”

“ఎర్రది.”

“అది దున్నే కోడె గదరా” అన్నాడు. ఆ తరువాత హడ్మా సంగతి కూడా నా నోటి నుంచి వచ్చేసింది. కళ్లు ముందుకు పోతుంటే నోరు ఆపలేకపోయాను. బావ లేచి బయటికి పోయాడు. ఆ రోజు నుంచి సరిగా తినడం లేదు. నాతో తప్ప మాట్లాడడం లేదు, నాతో కూడా రెండు మాటలే.

కొంటాలో నాగరాజు దుకాణానికి ఫోన్ చేశాను. మన వైపు వాళ్లు బజారుకు వస్తే నీకు కబురు పంపుతానన్నాడు. ఫిబ్రవరి పద్దెనిమిది, ఆదివారం మధ్యాహ్నం నువ్వు దుకాణంలో ఉండు. బావతో మాట్లాడిస్తాను. ఈ ఉత్తరం కంటే ఆ కబురే ముందు చేరుతుందనుకుంటాను.

అప్పటిదాకా ఏ ఇంటికీ పోవద్దు.

ఉమేష్


పటేల్ పారా, మరైగూడ
28 ఫిబ్రవరి 2024

తమ్ముడికి,

కబురు అందింది. నీ జనవరి ఉత్తరం కూడా నిన్న అందింది.

పద్దెనిమిదిన తెల్లవారుజామునే బయలుదేరాను. మరైగూడ రోడ్డు దాకా నడక, అక్కడి నుంచి జీపు. ఆయతిని తీసుకుపోయాను. కొత్త గౌను వేసుకుంటానని ఏడిస్తే వేశాను. ఫోన్‌లో గౌను కనబడదని చెప్పినా వినలేదు. నాగరాజు మమ్మల్ని పంచదార బస్తాల మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. మంచివాడు. “అక్కా, బతికున్నోడికి రాయి పెడితే ఆయుష్షు పెరుగుతదంటరు” అన్నాడు. మనలో అలా ఎవరూ అనరు. నన్ను నవ్వించడానికి అన్నాడు.

ఫోన్ మోగింది. నీ గొంతు విన్నాను. “బావకు ఇస్తున్నా” అన్నావు. తరువాత గాలి. నేను, “ఆయతి నాయనా” అని పిలిచాను. గాలి. ఆయతి, “నాయనా, ఏనుగు ఉందా?” అని అడిగింది. గాలి. దూరంగా నువ్వు, “మాట్లాడు బావా, నీకు దండం పెడత, ఒక్క మాట మాట్లాడు” అంటున్నావు. నాగరాజు చెవి పెట్టి విని, “గాలి తప్ప ఏం లేదక్కా” అన్నాడు. మూడుసార్లు పెట్టావు. మూడుసార్లూ గాలే.

తమ్ముడూ, నువ్వు చిన్నప్పుడు కూడా అబద్ధం సరిగా ఆడలేకపోయేవాడివి. ఆశ్రమ పాఠశాలలో నేను తిట్లు తినకూడదని పలక నువ్వే పగలగొట్టావని చెప్పావు. అప్పుడు కూడా లేని మనిషితో మాట్లాడినట్టు గోడ వైపు చూసి చెప్పావు. ఇప్పుడు నా కోసమే ఇదంతా చేస్తున్నావని తెలుసు. హడ్మా ఇంటికి నేను పోకూడదని చేస్తున్నావు. కాని బతికి ఉన్నవాడు కూతురు పిలిస్తే పలుకుతాడు. మీ బావ సంగతి నాకు తెలుసు. అడవిలో ఉన్నా పిల్ల ఏడుపు విని వచ్చేవాడు.

ఇక ఫోన్ చేయవద్దు. ఆయతి దారంతా ఏడ్చింది. తాను తప్పు మాట అడిగానేమో అంటోంది. ఏనుగు గురించి కాకుండా వేరే అడిగితే మాట్లాడేవాడేమో అంటోంది.

ఇప్ప పూలు రాలడం మొదలైంది. ఈసారి తక్కువ. తెల్లారి పోయి ఏరుతున్నాను. హడ్మా ఎదురైతే తల దించుకుని దారి ఇస్తాడు. ముందు వదినా వదినా అని కల్లు అడిగేవాడు. ఇప్పుడు ఏమని పిలవాలో తెలియక పిలవడం మానేశాడు.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఆయనను పూడ్చిన చోటి ఇసుక ఒక పిడికెడు పంపు. ఇక్కడ ఆయన రాయి కింద పోస్తాను. అబద్ధం ఆడాలంటే ఆడు, ఇసుక మాత్రం నిజంగా అక్కడిదే పంపు.

దుర్గ


అల్-ఉలా
22 మార్చి 2024

అక్కా,

ఇసుక పంపడం లేదు. పూడ్చిన చోటు లేదు.

బావ ఎందుకు పలకలేదో చెబుతాను. ఫోన్ ఆయన చెవి దగ్గరే ఉంది. నీ పిలుపు విన్నాడు, ఆయతి పిలుపు కూడా విన్నాడు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మూడుసార్లూ అంతే. తరువాత కొట్టినంత పని చేశాను. “రాయి పెట్టినంక పోయినోని గొంతు ఇంట్ల పడొద్దురా. పిల్లకు తగులుద్ది” అన్నాడు. నువ్వు బతికే ఉన్నావు కదా బావా అంటే, “అది నీకు తెలుసు, నాకు తెలుసు. రాయికి తెల్వదు గద” అన్నాడు. ఇక్కడ నాతో పనిచేసే నేపాల్ అతను, వంట చేసే పాకిస్తానీ చాచా ఎంత చెప్పినా వినడు. వాళ్లు చెబితే నవ్వుతాడు. నేను చెబితే, “నువ్వు గూడ మనోడివేనా?” అంటాడు.

మొహం ఫొటో తీసి పంపుదామంటే దుప్పటి కప్పుకుంటున్నాడు. అన్నం పక్కకు తీసుకుపోయి మాకు వీపు పెట్టి తింటున్నాడు. పని మాత్రం ముందుకంటే ఎక్కువ చేస్తున్నాడు. ఏనుగు రాయి దగ్గరే కాదు, క్యాంపులో కూడా ఎక్కడికి నడిచినా దంతె వెనకాల లాక్కుంటూ పోతున్నాడు. తన అడుగులు తానే చెరుపుకుంటున్నాడు. సాహెబ్‌కు ఇది నచ్చింది. మనిషి మంచి పనిమంతుడని మెచ్చుకున్నాడు.

ఛుట్టీ కోసం ఆఫీసుకు పోయాను. ఇంటి దగ్గర ఈయన చనిపోయాడని అనుకుంటున్నారు, చూపించి తీసుకురావాలి అన్నాను. దుబాసీ అరబ్బీలో ఏం చెప్పాడో, గదిలో అందరూ నవ్వారు. పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. జనవరిలోనే టికెట్ అన్నారు.

ఈ ఉత్తరంలో మడిచి పెట్టిన కాగితం జాగ్రత్తగా విప్పు. పోయిన శుక్రవారం మధ్యాహ్నం బావ నిద్రపోయాడు. ఎడమ కాలు మంచం బయటికి వేలాడుతోంది. అట్టముక్క మీద తెల్ల కాగితం పెట్టి పాదానికి ఆనించి, చుట్టూ పెన్సిల్‌తో గీశాను. నాలుగు వేళ్లు గీశాను. అయిదోది లేదు, నేను మరిచిపోలేదు. మడమ దగ్గర మచ్చ ఉంది చూడు, అది చెమట. గీత సగంలో ఆయనకు మెలకువ వచ్చింది, అందుకే మడమ పక్కన గీత వంకర పోయింది. కాగితం చూసి, “ఇది ఇంటికి పంపకు” అన్నాడు. పంపనన్నాను. పంపుతున్నాను.

ఇర్మా తాతకు చూపించు. తాత కాదంటే ఇంకెవరికీ చూపించవద్దు.

నిన్న బావ, “మనూరు ఏ దిక్కుంటదిరా?” అని అడిగాడు. పొద్దు పొడిచే వైపు అని చూపించాను. ఆయన అడిగిన పెద్ద మాట అదొక్కటే. ఇంటి మీద ధ్యాస మళ్లిందని నాకు కొంచెం ధైర్యంగా ఉంది.

ఉమేష్


అల్-ఉలా
19 ఏప్రిల్ 2024

అక్కా,

నువ్వు కూర్చుని చదువు. ఆయతిని బయటికి పంపు.

ఏప్రిల్ పదకొండు. ఇక్కడ రంజాన్ పండగ సెలవులు. ఏనుగు రాయి దగ్గర జాతరలా జనం. ఆ రోజు మధ్యాహ్నం నన్ను ముందు బండిలో పంపారు. బావ తరువాతి బండిలో వస్తాడన్నారు. జనంలో ఆయనను వెతుక్కునే తీరిక నాకు లేదు. తాళ్లు కట్టి జనాన్ని ఆపి, ఇసుక చదును చేస్తున్నాం. వెలుగు ఎర్రబడే వేళకు సాహెబ్ కేక వేశాడు. రాయి వెనక నుంచి ఒక అడుగుల వరుస తాళ్లు దాటి ఖాళీ ఇసుక మీదుగా పోయి ఉంది. ఫొటోల్లో పడుతుంది, చెరిపేయమన్నాడు.

నేను దంతె తీసుకుని పోయాను. ఒంటి మనిషి అడుగులు. బూట్లవి కావు. ఈ పనిలో చేరినప్పటి నుంచి నేను అడుగులు చూడడం మానేశాను అక్కా. దంతె పళ్లే చూస్తాను. అడుగులు ఇసుక దిన్నె అవతలికి వంగేదాకా, ఇక ఫొటోల్లో కనబడదు అనేదాకా లాగాను. తిరిగి వచ్చేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు కాదు, పొద్దుకు.

అన్నాల దగ్గర బావ లేడు. ఆయన మంచం కింద బూట్లు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. ఎడమ బూటులోని గుడ్డ తీసి మడిచి పైన పెట్టాడు. దంతె గోడకు ఆనించి ఉంది. రెండో బండి దిగి రాయి వెనక్కి పోవడం చూశానని నేపాల్ అతను చెప్పాడు.

మర్నాడు పోలీసులు వచ్చారు. జాడ చూసి పోయే ముసలాయన ఒకడిని తెచ్చారు. ఇక్కడ అలాంటివాళ్లు ఉన్నారు, అడుగు చూసి మనిషి సంగతంతా చెబుతారట. ఆయన నన్ను, ఎటు పోయాడు అని అడిగాడు. అడుగులు ఉన్నాయి అన్నాను. ఎక్కడ అన్నాడు. చెరిపాను అన్నాను. దుబాసీ ఆ మాట అరబ్బీలో చెప్పాక ముసలాయన నా వైపు చాలాసేపు చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

దిన్నె అవతల నుంచి వెతికారు. ఆ రాత్రే గాలి లేచింది. మూడు రోజులు బండ్లు తిరిగాయి. నేనూ తిరిగాను. తూర్పు వైపు చూపించాను, ఆ దిక్కు ఆయనకు చెప్పింది నేనే కాబట్టి. అటు నీళ్లు లేవు, ఊరు లేదు. నాలుగో రోజు ఆపేశారు.

బతికి ఉన్నాడని ఇక రాయలేను. లేడని కూడా నా చేత్తో రాయలేకపోతున్నాను. ఇంతకుముందు నిజం రాస్తే నువ్వు నమ్మలేదు. ఇప్పుడు ఏది నమ్ముతావో నాకు తెలియదు.

నాగరాజుకు ఫోన్ చేయలేదు. పంచదార బస్తాల మీద కూర్చుని నువ్వు ఈ మాట వినకూడదు.

ఒక్కటే అడుగుతున్నాను. తాత కాగితం చూసి ఏమన్నా సరే, ఆ రాయి కదిలించవద్దు. ఆయన నడుస్తున్నది దాని దగ్గరికే. అది అక్కడే ఉండనీ.

ఉమేష్


పటేల్ పారా, మరైగూడ
22 ఏప్రిల్ 2024

తమ్ముడికి,

నీ మార్చి ఉత్తరం పదో తారీఖున వచ్చింది. ఆ తరువాత మరే ఉత్తరమూ రాలేదు. జవాబు రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. ఎందుకో చెబుతాను.

కాగితం విప్పి నేల మీద పరిచాను. ముందు నేనే నమ్మలేదు. నాలుగు వేళ్లు ఎవరైనా గీస్తారు. నువ్వు గీయగలవు. అప్పుడు మడమ పక్కన వంకర గీత చూశాను. చెమట మచ్చ చూశాను. వాసన చూశాను. ఏ వాసనా లేదు, అన్ని రోజులు దారిలో ఉంది కదా. అయినా చూశాను. ఆయతి తన పాదం తీసి దాని మీద పెట్టింది. రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు. దానికీ అంతే. నేను ఇన్నేళ్లు ఆ సంగతి గమనించలేదు.

ఇర్మా తాతకు తీసుకుపోయాను. ఎండలో పట్టుకుని చూశాడు. “పోయినోనికి చెమట పట్టదు బిడ్డా” అన్నాడు. తరువాత కాగితం తిప్పి తిప్పి చూశాడు. చుట్ట ఆరిపోయింది. తప్పు చూశానని అనడానికి ఆ ముసలాయనకు అంతసేపు పట్టింది. “నేను అడుగుల్లేవంటి. పిలగాడు అడుగే పంపిండు” అన్నాడు. నీ మీద మెచ్చుకోలుగానే అన్నాడు.

కాని ఒక మాట చెప్పాడు. పెట్టిన రాయి తీయడం ఆయన ఎరగడు, వాళ్ల తాత కూడా ఎరగడు. తీస్తే ఆ మనిషి పేరు మీద మళ్లీ ఎన్నడూ రాయి పెట్టకూడదు. రేపు ముసలివాడై పోయినా సరే, రాయి ఉండదు, దిగడానికి చోటు ఉండదు. “ఆలోచించుకో. రాత్రికి రాత్రి చెప్పొద్దు” అన్నాడు. అందుకే ఇన్ని రోజులు పట్టింది. ఆలోచించాను. ఉన్న మనిషికి ఇల్లు ఉంది. నలభై ఏళ్ల తరువాతి సంగతికి ఇప్పుడు ఆయన నోరు మూసుకుని ఎందుకు బతకాలి? తీయండి అన్నాను.

నిన్న తీశాం. అత్త రాలేదు. పన్నెండు మంది మోసిన రాయిని తీయడానికి నలుగురే వచ్చారు. అందరికంటే ముందు గడ్డపార పట్టుకుని వచ్చినవాడు హడ్మా. “అన్న వచ్చి ఇది చూస్తే ముందు నన్నే నరుకుతడు వదినా. నా తలకాయ కోసం తవ్వుతున్న” అన్నాడు. నాలుగు నెలల తరువాత నన్ను వదినా అని పిలిచాడు. నేను కూడా తవ్వాను. చేతులు బొబ్బలెక్కాయి, అందుకే అక్షరం వంకరగా ఉంది. మీ బావ చూస్తే నాకు కూడా కోడి గీతలే అంటాడు.

రాయిని దొర్లించుకుంటూ పోయి వాగులో లోతు చోట పడేశాం. తోక కాల్చేశాం. గుంత పూడ్చి చదును చేశాను. ఇప్పుడు చూస్తే అక్కడ ఏదో ఉండేదని ఎవరూ అనుకోరు. ఇది నువ్వు ఆయనకు గట్టిగా చదివి వినిపించు. ఈసారి ముందు లోపల చదువుకోవాల్సిన పని లేదు. రాయి లేదు, ఎక్కడా లేదు, ఇక నోరు విప్పమను.

తాత ఇంకో నియమం పెట్టాడు. జనవరిలో మీరు వచ్చిన రోజు ఊరి పొలిమేర దగ్గర దారికి అడ్డంగా బియ్యప్పిండి పరుస్తాం. ఆయన దాన్ని తొక్కి లోపలికి రావాలి. అందరూ చూస్తుండగా అడుగు పడాలి. అత్త కూడా చూడాలి. అంతటితో అయిపోతుంది.

తునికాకు పని మొదలవుతోంది. ఆయతి రోజూ ఆ కాగితం అడుగుతోంది, ఇచ్చి మళ్లీ దాచేస్తున్నాను. ఏనుగు గురించి ఇక అడగనని చెప్పమంది.

పిండి కోసం కొత్త బియ్యం కుండలో పోసి మూత కట్టాను. ఆ రోజు పొలిమేర దాకా రాగానే బూట్లు విప్పమను. రెండు కాళ్లూ గట్టిగా ఆనించి నడవమను.

అక్క
దుర్గ